చుట్టాల బండ మీద మూసిన ముఖం

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయి ఉంటే మన్నించండి. మనవరాలు బడికి పోయే కాలంలో నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఒక పేజీ నిండేసరికి నాకు పొద్దు గూకుతుంది. పక్క వీధి టీచరమ్మ నేర్పిన బడి తెలుగులోనే ఈ కథ చెబుతున్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే ఉంచాను. నిదానంగా చదవండి, నేనూ నిదానంగానే రాశాను.

గోవిందరాజన్ గారూ నేనూ పెరియకుళంలో బస్సు దిగిన మర్నాటి సంగతి ఇది. అప్పటికి తంగవేల్ చనిపోయి పది రోజులు దాటింది. తంగవేల్ అంటే కొండ దగ్గర రాళ్ల కాంట్రాక్టులో మేస్త్రీ. ఏటి లోయలో చుట్టాల బండ కింద తల పగిలి పడి ఉన్నాడు. చంపింది నా మొగుడు మారి అని పోలీసులు తేల్చేశారు. మారి కోయంబత్తూరు పీలమేట్లో నూలు మిల్లు కార్మికుడు. సెలవు పెట్టి తల్లి ఊరికి వచ్చాడు. బండ పగలగొట్టొద్దని తంగవేల్‌తో పదిమందిలో గొడవపడ్డాడు. తంగవేల్ పోయిన నాటి నుంచి ఎవరికీ కనబడలేదు. వాళ్ల కేసు ఇంతే. కొండల్లోకి పారిపోయాడని, ఎదురు తిరిగితే కాల్చేస్తామని ఇన్‌స్పెక్టర్ చెల్లప్ప సంతలో అందరూ వినేట్టు చెప్పాడట.

నాకు కావలసింది ఒకటే. వాళ్లకంటే ముందు మేము మారిని చేరుకోవాలి.

గోవిందరాజన్ గారు ఒకప్పుడు పోలీసులో సబ్ ఇన్‌స్పెక్టరు. అది మానేసి కోయంబత్తూరులో సొంతంగా దర్యాప్తులు చేస్తుండేవారు. మిల్లు సంఘం వాళ్లు బతిమాలితే నా వెంట వచ్చారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి, ఎక్కడ రాయి కనబడితే అక్కడ కూర్చునేవారు. బస్సులో దిండుక్కల్ దాటాక ఒకే ఒక మాట అన్నారు.

"పట్టుకునే పని చేసి చేసి అలవాటైపోయింది తాయీ. కాపాడే పని ఎట్ల చేసేదో నాకి తెలియదు."

ఆ పొద్దున మొదట మా అత్త పేచ్చియమ్మాళ్‌ని అడిగారు. అత్త వాకిట్లో నన్ను ముందర కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. ముందు రోజు రాత్రి నాకోసం కోడిగుడ్ల పులుసు పెట్టింది. తెల్లారగానే ముఖానికి తన చేత్తో పసుపు రాసింది. కనకాంబరాలు రెండు మూరలు తెప్పించింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆమె నా తల ముట్టింది లేదు. కష్టంలో ఉన్న కోడలు కదా అని జాలిపడిందనుకున్నాను.

ఆమె ఎడమ చెయ్యి చూపుడు వేలు చివర కణుపు లేదు. వయసులో ఉండగా పత్తి గింజ తీసే మిషను కొరికేసింది. ఆ మొండి వేలు మెడకు తగిలినప్పుడల్లా గరుకుగా ఉంది.

గోవిందరాజన్ గారు అరుగు మీద కూర్చుని, మారిని చివరిసారి ఎప్పుడు చూశావని అడిగారు. ఆ పొద్దున సద్ది తిని పోయాడని అత్త చెప్పింది. ఎక్కడికని అడిగితే, మగవాళ్లు చెప్పి పోతారా అంది. తంగవేల్ మీద ఏమన్నా కోపంగా మాట్లాడాడా అంటే, నా కొడుకు అందరి మీదా కోపంగానే మాట్లాడతాడు, మిల్లు నేర్పింది అంది. ఆయన నవ్వారు. తర్వాత మామూలుగా అడిగారు.

"మళ్ల ఇంటికి వచ్చినాడా?"

దువ్వెన ఆగింది.

"ఏటి అవతల నేనేమీ చూడలే సామీ."

ఆయన చెప్పులు తొడుక్కుని లేచారు. మేము గుడిసె దాటి వచ్చాక నాతో అన్నారు. "ఇంటికి వచ్చినాడా అని అడిగితే ఏటి గురించి చెప్పింది. నేను ఏటి మాటే ఎత్తలే." నేను విననట్టు నడిచాను. ఆమె మారికి తల్లి. దాచిందంటే మారి కోసమే దాచి ఉంటుంది. అంటే అతను ఎక్కడో క్షేమంగా ఉన్నాడన్నమాట. నాకు ఆ పొద్దు నడవడానికి బలం ఇచ్చింది ఆ లెక్కే.

అక్కడి నుంచి కాంట్రాక్టరు గోపాలకృష్ణన్ షెడ్డుకు పోయాము. లోయ మొదట్లో, రాళ్లు కొట్టే చోట ఉంది అది. గోపాలకృష్ణన్ మా తెలుగే మాట్లాడతాడు, పెద్ద కులం. గోవిందరాజన్ గారికి కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు. నేను బయట చూరు కింద నిలబడ్డాను. రాళ్లు మోస్తున్న వాళ్లలో మా మరిది ముని కనబడ్డాడు. దూరం నుంచే తల ఊపాడు, దగ్గరికి రాలేదు.

"మీరు మనవాళ్లు. ఈళ్ల కోసరం ఇంత దూరం వచ్చినారా? మోకాళ్లు చూస్తే పాపంగా ఉండాది" అన్నాడు గోపాలకృష్ణన్.

గోవిందరాజన్ గారు కాఫీ సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్లకి కులం తెలియదని చెప్పి, తన ప్రశ్నలు మొదలుపెట్టారు. గోపాలకృష్ణన్ తడబడకుండా చెప్పాడు. చుట్టాల బండను తాము ఇంకా తాకలేదు, పై నుంచి అనుమతి రావాలి. ఆ రోజు పని లేదు, కూలీలు ఎవరూ రాలేదు, మునిని బండి తోలుకుని వాడిపట్టికి పొమ్మని తనే పంపించాడు. తంగవేల్ ఒక్కడే బండను కొలవడానికి పోయాడు. సాయంత్రం తాను షెడ్డు పైన ఏటి మలుపులో నిలబడి ఉండగా మారి ఏరు దాటి పరిగెత్తడం చూశాడు.

"ముఖం చూసినారా?"

"సరిగ్గా కనబడలే. ఆడు బండ పక్క నుంచి వస్తుంటే వెనకాల ఎండ నా కళ్లలోకే కొడతా ఉండె. కానీ నడక మారిదే. ఆ మిల్లు నడక తెలవదా?"

విచారణ ముగిసేదాకా లోయలో రాతికి మందు పెట్టి పేల్చేది లేదని కూడా, అడగకుండానే, మాట ఇచ్చాడు.

చుట్టాల బండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఏటి నీళ్లు మోకాలి లోతు. అవతలి గట్టు మీద గోడలా నిలబడి ఉంటుంది ఆ బండ. దాని వెనక, పడమర దిక్కున, కొండ నిలువుగా లేస్తుంది. బండ నిండా బొమ్మలు. ఏ కాలంలో ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. లేళ్లు, ఒక ఏనుగు, విల్లు పట్టిన వేటగాడు. వాటి కింద చేయీ చేయీ పట్టుకుని వరసగా నిలబడిన మనుషులు. ఒక్కొక్కరి ముఖం రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా తొలిచిన గుంట. మావాళ్లు వాళ్లను చుట్టాలంటారు. ఇంటికొక బొమ్మ. కొత్త కోడలు వచ్చిన నెలలో ఇక్కడికి తెచ్చి, ఇదిగో నీ మొగుడని చూపిస్తారు. నాకు చూపించింది ఎడమ నుంచి మూడోది, ఒక కాలు పొట్టిగా చెక్కిన బొమ్మ. కుంటి మొగుణ్ణి కట్టుకున్నావని ఆడవాళ్లు ఎగతాళి చేశారు. మారి కూడా నవ్వాడు.

గోవిందరాజన్ గారు ఏటి ఒడ్డున కూర్చుని కాళ్లు తుడుచుకుంటూ ఆకాశం చూస్తున్నారు. చూస్తుండగానే కొండ నీడ బండ మీద నుంచి జారి, ఏటి మీదికి వచ్చి, ఆయన కాళ్ల మీద పడింది.

"ఇంకా మూడు గంటలు కూడా కాలే. అప్పుడే ఎండ కొండ వెనకాలికి పోయింది. సాయంత్రం ఆయన కళ్లలోకి ఎండ యాడ నుంచి వచ్చె?"

ఆయన లేచి బండ ఎడమ అంచుకు పోయారు. అక్కడ రాయి తెల్లగా, పచ్చిగా విరిగి ఉంది. విరిగిన చోట సమ్మెటతో కొట్టి తొలిచిన బెజ్జం, నిలువునా చీలి, సగం మిగిలింది. మందు కూరే బెజ్జం అది. ఆయన వేలు పెట్టి తీశారు. నల్లగా మసి అంటింది. తాకలేదన్న బండ ఇది.

నేను చుట్టాల వరస దగ్గరికి పోయాను. మొదటి బొమ్మ, రెండో బొమ్మ. మూడో బొమ్మ ముఖం లేదు. గుంట నిండా ఏటి బంకమన్ను కూరి, పైన వేళ్లతో అదిమి ఉంది. మన్ను ఎండి అంచులు చిట్లాయి.  ఎడమ నుంచి మళ్లీ లెక్కపెట్టాను.

అప్పుడే ఏటిలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ చెల్లప్ప, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. ఒకప్పుడు గోవిందరాజన్ గారి కింద పనిచేసిన మనిషి. అరవంలోనే మాట్లాడాడు, నాకు అరవం బాగా తెలుసు.

"సార్ ఇంకా కొండలెక్కుతున్నారా? ఆ కాలంలోనే సార్ కొండెక్కి దిగేలోపల దొంగ పెళ్లి చేసుకుని పిల్లల్ని కనేవాడు" అన్నాడు. కానిస్టేబుళ్లు నవ్వారు.

"నిజమే చెల్లప్పా. నువ్వు ఎక్కకముందే పట్టేసేవాడివి. ఎవడు దొరికితే వాణ్ణి."

కానిస్టేబుళ్లు ఈసారి నవ్వు ఆపుకున్నారు. గోవిందరాజన్ గారు మసి అంటిన వేలు చూపించారు. తంగవేల్ శవాన్ని కడిగిన మనిషిని నిన్న అడిగానని, ముఖంలోకీ రొమ్ములోకీ మిరియాల్లా రాతి నలుసులు గుచ్చుకుని ఉన్నాయని, చెవుల్లో నెత్తురు కట్టిందని చెప్పారు. రాయితో తల మీద కొడితే రొమ్ములో నలుసులు ఎందుకుంటాయని అడిగారు. రాళ్ల పని చేసేవాడి ఒంట్లో రాళ్లు కాక పూలుంటాయా అన్నాడు చెల్లప్ప. ఎండ సంగతి చెబితే, పెద్దమనిషి మాటల్లో ఎండా నీడా వెతుకుతున్నారా, వయసైపోయింది సార్ అన్నాడు. రేపు తెల్లవారగానే తుపాకులతో కొండ మీదికి మనుషులను పంపుతున్నానని, అడ్డు రావద్దని చెప్పాడు.

పోబోతూ వాడి చూపు మూడో బొమ్మ మీద పడింది. "ఇదేంటి?"

"మేకలు కాసే పిల్లలు చేసి ఉంటారు సార్" అన్నాడు ఒక కానిస్టేబులు.

చెల్లప్ప నా వైపు తిరిగాడు. "అవునా?"

గోవిందరాజన్ గారు కూడా నన్నే చూస్తున్నారు.  ఏటి దిగువన గోపాలకృష్ణన్ షెడ్డు, అక్కడ ముని. ఇన్‌స్పెక్టరుకు ఇప్పుడు చెప్పిన మాట కాఫీ చల్లారేలోపల అక్కడికి చేరుతుంది.

"పిల్లోళ్ల పనే సామీ" అన్నాను.

వాళ్లు ఏరు దాటి, షెడ్డు దారి పట్టి, మలుపు తిరిగేదాకా నేను అలాగే నిలబడ్డాను. తర్వాత కూర్చుండిపోయాను. గోవిందరాజన్ గారు కష్టపడి నా పక్కన నేల మీద కూర్చున్నారు.

నేనే చెప్పాను. మా వంశంలో మనిషి పోతే, ఆ ఇంటి పెద్ద ఆడది వచ్చి, ఎడమ చేత్తో ఏటి మన్ను తీసి ఆ ఇంటి బొమ్మ ముఖం మూస్తుంది. మూయకపోతే పోయినవాడు ఇంటి దారి చూస్తూ ఏటి వెంబడి తిరుగుతాడని మా నమ్మకం. వాన వచ్చి మన్ను కరిగేదాకా ఎవరూ ముట్టరు. బయటివాళ్లు చనిపోతే మూసేది లేదు. తంగవేల్ మావాడు కాదు.

"మూడోది ఎవురిది?" అన్నారు ఆయన.

చెప్పలేక వేలితో మన్ను మీద గుర్తులు చూపించాను. నాలుగు వేళ్ల ముద్రలు. అందులో చూపుడు వేలిది పొట్టిగా, మొండిగా ఉంది.

ఆయన ఆ ముద్ర దగ్గరికి వంగి చూశారు. "నోటితో దాచింది. దీన్ని దాయలేకపోయింది" అన్నారు మెల్లగా. తర్వాత నన్ను చూడకుండా అన్నారు. "తాయీ, ఇప్పుడు నువ్వు నోరు మూసుకుంటే, మారి పారిపోయిన హంతకుడే. నువ్వు వాడికోసం చూస్తానే ఉంటావు. చెప్తే..."

"తెలుసు అయ్యా."

అవతలి ఒడ్డున మా అత్త నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, మా వెనకాలే వచ్చినట్టుంది. నేను మూడో బొమ్మ ముందర కూర్చుని ఉండడం చూసింది. చూసి, ఉన్నచోటనే చతికిలబడింది. నేను ఏటిలో దిగి ఆమె దగ్గరికి పోయాను. గోవిందరాజన్ గారు నీళ్లలో తడబడుతూ వచ్చారు.

"నీకి తెలిసిపోయిందా?" అంది అత్త.

"యాడ ఉండాడు అత్తా?"

ఆమె చెప్పింది. ఏడవకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు కూడు తీసుకుని వచ్చింది. మారి బండకు వీపు ఆనించి, తన బొమ్మ కిందనే కూర్చుని ఉన్నాడు. పేల్చేదైతే నన్నూ పేల్చమని అన్నాడు. బెదిరిస్తే లేస్తాడనుకుని గోపాలకృష్ణన్ తన చేత్తోనే మందుకు పెట్టిన తిరికి, అంటే వత్తికి, నిప్పు పెట్టాడు. మారి లేవలేదు. తంగవేల్, తిట్టుకుంటూ, వాణ్ణి లాక్కు రావడానికి పరిగెత్తాడు. చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడే పేలింది.

"ఇద్దురూ చెయ్యి వదల్లే" అంది అత్త.

అనుమతి లేకుండా మందు పేల్చి ఇద్దరిని చంపితే గోపాలకృష్ణన్‌కు జైలు. ఒకణ్ణి చంపి ఇంకొకడు పారిపోతే పోలీసులు కొండల్లో వెతుక్కుంటారు. అందుకని తంగవేల్‌ని అక్కడే వదిలి, మారిని బండిలో వేసి, రాళ్లు కొట్టే చోట కొండ చరియ కింద పూడ్చి, మర్నాడు ఏమీ తెలియని కూలీల చేత పైన రాళ్లు పోయించాడు. ఏటి ఇవతల పొదల్లో నక్కిన అత్తను గోపాలకృష్ణన్ చూశాడు. ముని నా దగ్గరే పని చేస్తున్నాడు, గుర్తుంచుకో అన్నాడు. ముని వాడిపట్టి నుంచి వచ్చేసరికి అంతా ముగిసింది. మునికి ఏమీ తెలియదు.

"ఒకడు పోయినాడు. ఇంకొకణ్ణి అడుక్కున్నాను" అంది.

గోవిందరాజన్ గారు ముందు మునిని పని నుంచి పిలిపించాలని, తర్వాత చెల్లప్పకు కాకుండా పై అధికారికి చెప్పాలని అంటుండగానే కింది నుంచి పట్టా మోత వినబడింది. రాతికి మందు పేల్చే ముందు, మనుషులు దూరం పోవాలని, వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొడతారు. ఇవాళ పేల్చేది లేదని మాట ఇచ్చాడు. గోవిందరాజన్ గారి ముఖం మారిపోయింది.

"చరియ మొత్తం మారిని పూడ్చిన చోటి మీదికి దించేస్తాడు. మళ్ల ఎవురూ తవ్వలేరు. నేను పరిగెత్తలేను తాయీ. నువ్వు పో."

నేను పరిగెత్తాను. చెప్పులు ఏటిలోనే పోయాయి. రాళ్ల మీద కాళ్లు తెగాయి, అది తర్వాత తెలిసింది. మలుపు తిరగగానే కనబడ్డారు. కూలీలు దూరంగా చెట్ల కింద. షెడ్డు ముందర కాఫీ గ్లాసుతో చెల్లప్ప. పక్కన గోపాలకృష్ణన్. చరియ కింద, రాళ్ల కుప్ప పక్కన, చేతిలో మండే కొరివితో ముని. తిరి అంటించే పని వాడికే ఇచ్చారు.

"ముని! అంటించొద్దు. మీ అన్న దాని కిందనే ఉండాడు."

ముని తల తిప్పాడు. గోపాలకృష్ణన్, ఆ ఆడదానికి పిచ్చి పట్టింది, నువ్వు అంటించు అని అరిచాడు. ముని నన్ను చూశాడు, ముదలాళి గోపాలకృష్ణన్‌ని చూశాడు, రాళ్ల కుప్పను చూశాడు. తర్వాత కొరివిని ఉలులు చల్లార్చే నీళ్ల తొట్టిలో పడేశాడు. చుయ్ మంది. వాడు కుప్ప మీద పడి రెండు చేతులతో రాళ్లు లాగడం మొదలుపెట్టాడు.

ఎవరూ చెప్పకుండానే కూలీలు వచ్చారు. ఒకరి చేతి నుంచి ఒకరు రాళ్లు అందుకున్నారు. గోపాలకృష్ణన్ తన బండి వైపు నడవబోతే, అప్పుడే కుంటుకుంటూ చేరిన గోవిందరాజన్ గారు దారిలో అడ్డంగా ఒక రాయి మీద కూర్చున్నారు. కూర్చోండి నాయుడుగారూ, మీ మోకాళ్లు బాగానే ఉండాయి, తొందరేముంది అన్నారు. గోపాలకృష్ణన్ చుట్టూ అప్పటికే పదిమంది కూలీలు నిలబడి ఉన్నారు.

మారిని రాళ్ల కింద నుంచి తీశాక ముఖం చూడనివ్వలేదు నన్ను. చూడనక్కర్లేదు కూడా. నడుముకు ఎర్ర మొలతాడు ఉంది. మిల్లు నుంచి తెచ్చిన నూలు రంగులో ముంచి, పీలమేట్లో మా ఇంటి గడప మీద కూర్చుని నేనే పేనింది. ముడి కూడా నాదే.

చెల్లప్ప టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకో చేతిలో అట్లాగే ఉంది. నేను వాడి దగ్గరికి పోయాను. 

"మీరు కొండంతా వెతికే ఆసామి ఇదో ఈడ ఉండాడు సామీ. తుపాకి అక్కర్లే. విలంగు ఏసుకోండి."

చేతిసంకెళ్లు వాడి నడుముకు వేలాడుతూనే ఉన్నాయి. వాడు వాటిని చూడలేదు, నన్నూ చూడలేదు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి, గోపాలకృష్ణన్ కూర్చున్న వైపు నడిచాడు.

మా అత్త నా వెనక వచ్చి నిలబడింది. మొండి వేలు నా మెడకు తగిలింది. పొద్దున తాను పెట్టిన పూలు తీయడానికి చెయ్యి పోయింది, పూల మీదే ఆగింది. ఆ గుడ్ల పులుసు, ఆ పసుపు, ఆ రెండు మూరల కనకాంబరాలు ఎందుకో అప్పుడు అర్థమైంది.

"ఇంకా కొంచెం సేపు ఉండనీ అత్తా" అన్నాను.

వీరాయి, డెబ్బై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది పీలమేడులో, మరిది ముని కొడుకు ఇంట్లో.